లోపల ఖాళీ ఉంది

పదకొండో రోజు.
తవిటినాయుడు ప్లాస్టిక్ స్కేలు తెరిచి
నా మోకాలి పక్కన ఆనించి చదివాడు:
అరవై నాలుగు.
ఇరవై ఏడేళ్లు చార్జీలు చెప్పిన నోరు నాది,
ఆ అంకెకి ఏ ఊరొస్తుందా అని వెతుక్కుంది.
ఏ ఊరూ రాలేదు.

"ఈ వారంలో తొంభైకి తేవాలి మేడం" అని
మడమ కింద అరచెయ్యి పెట్టి వంచడం మొదలెట్టాడు.
"ఇంకొంచెం. ఇంకొంచెం. ఇంకా వస్తాది."

ఆ మాట నాదే.
సాయంత్రం ఆరున్నర పాలకొండ బండిలో
ఫుట్‌బోర్డు మీద వేలాడే మనుషుల్ని చూసి
జరగండి, జరగండి, లోపల ఖాళీ ఉంది
అని అరిచేదాన్ని.
ఖాళీ ఉండేది కాదు.
అరిచాక వచ్చేది.
ఒక మోచెయ్యి మడుచుకునేది,
ఒక సంచి ఒళ్లోకి ఎక్కేది,
ఒక గుంట ఎవరి ఒళ్లోనో కూర్చునేది,
ఇంకో ముగ్గురు పట్టేవారు.
పళ్లు బిగించి ఆ బండినే తలుచుకున్నాను.
అరవై ఆరు.
కన్నీళ్లు మాత్రం స్టాపు లేని చోటే దిగిపోయాయి.

రాత్రిళ్లు నొప్పి
నైట్ హాల్టు బండిలా వస్తుంది.
తెల్లారేదాకా కదలదు.
అప్పలసూరి ఐసుగడ్డలు తువ్వాలులో చుట్టి తెస్తాడు.
పెళ్లయిన ముప్ఫయ్యేళ్లలో
నా కాళ్లని ఆయన చూసింది తక్కువ.
నాలుగింటికి పోయి తొమ్మిదికి వచ్చేవి అవి.
ఇప్పుడు మోకాలి మీద నిలువునా ఉన్న క్లిప్పుల్ని
రోజూ లెక్కపెడతాడు,
ఒకటి తగ్గితే నన్నే అడిగేలా.

నేల మీద ఇక కూర్చోవద్దన్నారు.
పీటా, చాపా, కత్తిపీటా అటకెక్కాయి.
ఎదురింటి నీలవేణమ్మ వచ్చి
"ఓలమ్మ, ఇనప మోకాలా! వర్షాల్లో తుప్పట్టదేటి?" అంది.
నవ్వితే కుట్లు లాగాయి. పట్టదన్నాను.
ఆమె వెళ్లిన అరగంటకి
నాకూ అనుమానం వచ్చింది.

వాకరు వదిలి కర్ర పట్టిన నాడు
గది మధ్యలో మోకాలు టిక్కుమంది.
ఊపిరి బిగబట్టి నిలబడిపోయాను.
మామూలే అన్నాడు డాక్టరు.
మర్నాడు మళ్లీ టిక్కుమంటే పోల్చుకున్నాను,
మిషన్లు రాకముందు నా వేళ్ల మధ్య ఉండే
పంచు చప్పుడది.
లోపల ఎవరికో టికెట్టు కొడుతోంది.

గాజులకొల్లివలసలో ఒక ముసలామె ఎక్కేది,
మంగళవారాలు, తేగల కట్టతో.
ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగేది.
రెండోదాన్ని తెచ్చి పక్కన చేర్చేది.
అప్పుడు ఇంకో మెట్టు.
"బేగెక్కవే మామ్మ, బండి నీకోసమే వచ్చిందేటి?"
అన్నాను. ఒకసారి కాదు.
పేరు ఎప్పుడూ అడగలేదు.
ఇప్పుడు తవిటినాయుడు మేడ మెట్ల దగ్గర
నాకు నేర్పుతున్నది అచ్చం ఆమె నడకే:
ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు.
దిగేటప్పుడు కోసిన కాలు ముందు.
రెండూ కలిశాకే ఇంకో మెట్టు.
ఆమెకి ఎవరు నేర్పారో.

యాభై మూడో రోజు
కాంప్లెక్సుకి వెళ్లాను, కర్రతో.
డ్యూటీకి కాదు.
ఫిట్ సర్టిఫికెట్టు మీద సంతకం ఇంకా పడలేదు.
ఊరికే, ఆమదాలవలస దాకా.

ఆ మెట్టు అంత ఎత్తని
ఇన్నేళ్లలో ఎవరూ నాకు చెప్పలేదు.
చెప్పే ఉంటారు.
మంచి కాలు పెట్టాను. ఆగాను.
కడ్డీ చెమటగా ఉంది, ఎవరి చేతిదో.
వెనక జనం ఒత్తుతున్నారు.
కండక్టరు కొత్త పిల్ల, నన్నెరగదు,
"జరగండమ్మా, లోపల ఖాళీ ఉంది" అని అరిచింది.

రెండో కాలు తెచ్చి పక్కన చేర్చాను.
టిక్కుమంది.
లోపల ఖాళీ లేదు. నాకు తెలుసు.
జరిగాను.